ఆరు వారాల కాగితం

ఆ వర్షాకాలంలో అక్క నన్ను రోజూ సాయంత్రం ఒకే మాట అడిగేది. "ఏం రాశావు?" అని.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నాకు తోటికోడలు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆవిడ సిమెంటు వరల ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతోంది. బావులకీ మురుగు కాలువలకీ దించే పెద్ద పెద్ద వరలు అవి. షెడ్డు పైకప్పు కింద, రెండు పట్టాల మీద నడిచే క్రేన్‌కి ఒక అద్దాల గది వేలాడుతూ ఉంటుంది. దాన్ని కేబిన్ అంటాం. అందులో కూర్చుని, వరల్ని ఇనుప అచ్చుల్లోంచి లేపి, నేల మీద పరిచిన చెక్క దుంగల మీద పెట్టడం ఆవిడ పని. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెడుతుందని అందరూ అనేవాళ్ళు. నాకు అక్కడ పని ఇప్పించింది ఆవిడే. క్రేన్ నేర్పి, లైసెన్సు పరీక్షకి వెంటబెట్టుకుని తీసుకెళ్ళిందీ ఆవిడే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో అక్కకి మెదడులో ఒక చిన్న నరం మూసుకుపోయింది. వంటింట్లో గిన్నె చేతిలోంచి జారింది. "ఏమైందే?" అని అత్తయ్య అడిగితే జవాబు ముద్దముద్దగా వచ్చింది. ఆ తరవాత నాలుగు నెలలు ఆవిడ మంచం, బావగారి భుజం, గోడ పట్టుకుని నడక. ఆ నాలుగు నెలలూ ఆవిడ సీట్లో కూర్చున్నది నేను.

హోరున వాన కురుస్తున్న ఒక శనివారం, డాక్టరు ఇచ్చిన కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. చెయ్యి బాగుంది, మాట బాగుంది, ఒక్కో కన్నూ విడిగా పరీక్షిస్తే చివరి వరుస దాకా చదువుతోంది, పనికి వెళ్ళవచ్చు అని ఉంది అందులో. బావగారు రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అత్తయ్యకి చదువు రాదు, అయినా కాగితం చేతిలోకి తీసుకుని ముద్ర ఉందో లేదో చూసింది.

"సోమవారం వస్తున్నా," అంది అక్క నా వైపు తిరిగి. "సీటు మీద ఏదో దిండు వేసుకున్నావట. తీసెయ్. నాకు మెత్తగా ఉంటే నిద్రొస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ నవ్వు నా పెదాల దగ్గరే ఆగిపోయింది. కింద గొలుసులు తగిలించే పనిలో ఏడేళ్ళు మెడ ఎత్తి పైకి చూసినదాన్ని. ఈ నాలుగు నెలలు అందరూ మెడ ఎత్తి నన్ను చూశారు. అక్క లేచి తిరగాలని మనసారా కోరుకున్నాను. తిరిగి వస్తోందంటే గుండెలో రాయి పడ్డట్టయింది. రెండూ నా మనసులోవే, ఒకటి దాచి ఒకటి చెప్పడం ఎందుకు.

ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న గదిలో ఒక నర్సు ఉండేది. జబ్బుపడో దెబ్బ తగిలో సెలవులో ఉన్నవాళ్ళని మళ్ళీ పనిలో నిలబెట్టే బాధ్యత ఆ ఏడాదే ఆవిడకి అప్పగించారు. గొంతు మెత్తగా ఉంటుంది, ప్రశ్నలు మాత్రం గుచ్చుకుంటాయి. సోమవారం మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మొత్తం ఆరు వారాలు. మొదటి వారం నిచ్చెన ఎక్కడం, దిగడం, పైన కూర్చుని చూడడం. రెండో వారం ఖాళీ కొక్కెంతో నడపడం. మూడో వారం నుంచి బరువు, రోజుకి రెండు గంటలు. అక్కడినుంచి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోదాం. ఆరో వారం ఆఖరికి పూర్తి షిఫ్టు."

"ఒక్క వారం చాలు నాకు," అంది అక్క.

"మీకు చాలొచ్చు. నాకు చాలదు." నర్సమ్మ ఒక కాగితాల కట్ట తీసింది. "పక్కన ఒకరు నిలబడి రోజూ ఇది నింపాలి. మూడే ప్రశ్నలు. అలసట కనిపించిందా? పనిలో తప్పు జరిగిందా? వేరేవాళ్ళ సాయం కావలసి వచ్చిందా? అవును, కాదు. కింద సంతకం. క్రేన్ తెలిసినవాళ్ళు ఉండాలి. ఎవరు కావాలో మీరే చెప్పండి."

"మా తోటికోడలు," అంది అక్క వెంటనే.

నర్సమ్మ నన్ను చూసింది. "ఇప్పుడు ఆ సీట్లో ఉన్నది మీరే కదా?"

"అవునండీ."

"ఉండేది ఒకే ఇంట్లో."

"అవునండీ."

"ఇబ్బంది కాదూ?"

నేను నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "రెండో షిఫ్టు ఆయన సెలవు పెట్టి ఊరెళ్ళాడు. ఇంకెవరున్నారు? అయినా నా పని ఎలా ఉంటుందో దీనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు."

నర్సమ్మ కాసేపు కలం తిప్పుతూ కూర్చుంది. చివరికి సరేనంది. "నింపేటప్పుడు మీరొక్కరే నింపండి," అంది నాతో. "నా చేతికే ఇవ్వండి."

మొదటి రెండు వారాలు పండగలా గడిచాయి. నిచ్చెనకి ముప్పై రెండు మెట్లు. మొదటి రోజు సగంలో ఆగి ఊపిరి తీసుకుంది. నాలుగో రోజుకి ఆగలేదు. పైన ఒకటే సీటు కాబట్టి నేను వెనక నిలబడేదాన్ని. మీటల మీద ఆవిడ చేతులు పడగానే నాకే ప్రాణం లేచొచ్చింది. ఖాళీ కొక్కెం ఆవిడ చేతిలో ఊగకుండా, తాడు వణక్కుండా షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. కింద పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. వాన రేకుల మీద ఎంత గట్టిగా పడుతోందంటే ఆ చప్పట్లు కనిపించాయి గాని వినిపించలేదు. ఆ కాలమంతా షెడ్డులో మాటలు చెల్లవు. చేతి సైగలే.

మూడో వారం మంగళవారం మొదటి తప్పు జరిగింది.

చిన్న వర. దుంగల మీదికి దించుతోంది. ఇంకా జానెడు ఎత్తు ఉందనగా నెమ్మదించాలి. ఆవిడ నెమ్మదించలేదు. వర దుంగల మీద ధన్‌మని కూర్చుంది. కిటికీ అద్దం అదిరింది. అంచు నుంచి అరచేయంత పెచ్చు ఊడి పడింది.

కింద గొలుసులు విప్పే ముసలాయన పైకి చూశాడు. ఆయన్ని అందరూ గొలుసు తాత అంటారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. అక్క వచ్చిన కొత్తలోనూ కింద ఆయనే ఉన్నాడు, నేను వచ్చినప్పుడూ ఆయనే. ఊడిన పెచ్చు కాలితో పక్కకి నెట్టి, ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"దుంగ జారింది," అంది అక్క.

దుంగ జారలేదు. నేను చూశాను. కానీ నాలుగు నెలల తరవాత మొదటి బరువు. ఎవరికైనా చెయ్యి తడబడుతుంది. ఆ సాయంత్రం నర్సమ్మ గది బయట బెంచీ మీద కూర్చుని, మూడు ప్రశ్నలకీ 'కాదు' అని రాశాను.

ఇంటికి వచ్చాక కూరగాయలు తరుగుతూ అక్క అడిగింది. "ఏం రాశావు?"

"అన్నీ కాదు అని."

"మంచిది," అంది. అంతే.

ఆ వారంలో ఇంకో రెండు పెచ్చులు ఊడాయి. నాలుగో వారం మొదట్లో మాత్రం ఆశ్చర్యంగా ఒక్కటీ ఊడలేదు. నా గుండె కుదుటపడింది. కుదుటపడ్డ గుండెతో నిలబడి చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. అక్క ప్రతిసారీ కొక్కేన్ని పట్టాల దాకా, పూర్తిగా పైకి లాగుతోంది. అవసరం లేకపోయినా లాగుతోంది. ఇదివరకు ఆవిడ అలా చెయ్యదు. నేను చేస్తే "ఎందుకే ఆకాశంలోకి?" అని తిట్టేది. పైదాకా లాగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు దించుతోంది. దించుతున్నంతసేపూ పెదాలు కదులుతున్నాయి.

ముందుకు వంగి చెవి పెట్టాను. "తొమ్మిది, పది, పదకొండు," అంటోంది. పద్నాలుగు దగ్గర మీట వెనక్కి లాగింది. వర మెత్తగా కూర్చుంది.

ఆవిడ చూడడం లేదు. లెక్కపెడుతోంది.

అక్షరాలు చదివిన కళ్ళే, కిందికి చూస్తే వర ఎంత లోతులో ఉందో చెప్పడం మానేశాయి. డాక్టరు గోడ మీది అక్షరాలు చూపించాడు గాని, ఏది దగ్గర, ఏది దూరం అని అడగలేదు. ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, పైనుంచి నేలకి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టుకుని పని నడిపిస్తోంది. నాకు కోపం రాలేదు. ఆ తెలివికి ముచ్చటేసింది, మరుక్షణం కిందున్న తాత గుర్తొచ్చాడు.

ఇంట్లో ఎవరితో చెప్పను? మా ఆయనతో చెప్పాను, ఆదివారం బట్టలు ఆరేస్తున్నప్పుడు. ఆయన దండెం మీద చొక్కా సవరిస్తూనే విన్నాడు.

"నువ్వు తప్పు ఉందని రాస్తే సీటు కోసం రాసిందంటారు."

"తెలుసు."

"మా అన్నయ్య కూడా అంటాడు. మొహం మీద అనడు గాని అనుకుంటాడు. రాయకపోతే ఏమవుతుంది? రెండు పెచ్చులు ఊడతాయి. సిమెంటు పూస్తారు."

"తాత చెయ్యి అక్కడే ఉంటుందండీ."

"ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా?"

అదే రోజు సాయంత్రం బావగారు నన్ను వరండాలోకి పిలిచారు. ఆయన ఎప్పుడూ నాతో నాలుగు మాటలకి మించి మాట్లాడే మనిషి కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, వానని చూస్తూ అన్నారు.

"నాలుగు నెలలు ఇంట్లో రేడియో పెట్టనివ్వలేదమ్మా మీ అక్క. చప్పుడు భరించలేనంది. నిన్న తనే పెట్టింది. నువ్వు పక్కన ఉన్నావన్న ధైర్యం. నీ రుణం ఉంచుకోను."

లోపల రేడియో మోగుతూనే ఉంది. నేను తల ఊపి వంటింట్లోకి వచ్చేశాను.

ఐదో వారంలో వానకి రోడ్డు తెగింది. లారీలు రావడం ఆగిపోయింది. తయారైన వరలు పోయే దారి లేక షెడ్డు నిండిపోయింది. ఒకదాని మీద ఒకటి, రెండు అంతస్తులుగా పేర్చమని మేనేజరు చెప్పాడు. కింది వర అంచు మీద నాలుగు చెక్క ముక్కలు సర్ది, వాటి మీద పై వరని దించాలి. ఆ ముక్కలు సర్దేది తాత.

"అక్కా, ఈ పూట నేను చేస్తాను," అన్నాను నిచ్చెన కింద.

"ఎందుకు?"

"రెండు అంతస్తులు కదా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నాకు తెలుసని ఆవిడకి ఆ క్షణంలో తెలిసిపోయింది. "పక్కకి జరుగు," అని నిచ్చెన ఎక్కింది.

మొదటి ఆరు వరలు బాగానే కూర్చున్నాయి. పద్నాలుగు కాదు ఇప్పుడు, తొమ్మిది. ఆవిడ కొత్త లెక్క కట్టుకుంది. నేను కూడా ఆవిడతో పాటు లోపల లెక్కపెడుతున్నాను. ఏడో వర కొలత వేరు. మిగతావాటికన్నా జానెడు పొడుగు. అచ్చులోంచి లేస్తుంటే నేను గమనించాను. చెప్పాలనుకున్నాను. "ఆవిడకి ఆ మాత్రం తెలియదా" అనుకున్నాను. అలా అనుకోవడానికి పట్టింది ఒకటో రెండో క్షణాలు.

ఆరు, ఏడు. కింద తాత నాలుగో చెక్క ముక్క వంకరగా ఉందని ఒక చెయ్యి ఎత్తి ఆగమన్నాడు, రెండో చేత్తో ముక్కని తడుతున్నాడు. అక్క ఆ ఎత్తిన చెయ్యి చూసింది. చూసి, ఆపడానికి మీట వెనక్కి లాగింది. ఇంకా ఎడం ఉందనే అనుకుంది. వర అప్పటికే అక్కడ ఉంది.

చప్పుడు పెద్దగా రాలేదు. తాత వెనక్కి రెండడుగులు వేసి నిలబడ్డాడు. కుడిచేతికి గ్లౌజు లేదు. అరచెయ్యి తిప్పి ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి చూసుకున్నాడు. వేళ్ళు ముడిచి తెరిచాడు. ఐదూ ఉన్నాయి. గ్లౌజు మాత్రం రెండు వరల మధ్య, వేళ్ళు బయటికి చాచి ఉండిపోయింది.

"కూర్చుందా?" అంది అక్క. ఆవిడకి గ్లౌజు కనిపించలేదు.

"కూర్చుంది," అన్నాను. "ఇంక చాలు, లే అక్కా."

కిందికి దిగాక ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. తాత ఎడమచేత్తో చెమట తుడుచుకుంటూ, "పాత గ్లౌజేనమ్మా, ఎలాగూ పారెయ్యాలి," అన్నాడు. ఆవిడ వెళ్ళి మొహం కడుక్కుంది.

ఆ సాయంత్రం బెంచీ మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. రెండో ప్రశ్న దగ్గర 'అవును' అని రాశాను. కింద ఖాళీలో వర, చెక్క ముక్క, గ్లౌజు, అన్నీ నాలుగు వాక్యాల్లో రాశాను. సంతకం పెట్టబోతే చెయ్యి ఆగింది. ఇది తాత వేళ్ళ కోసం రాశానా, సీటు కోసం రాశానా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. నాకే తేలనిది ఊరికి ఎలా తేలుతుంది?

అందుకని ఇంకో వాక్యం రాశాను. మూడో వారం మంగళవారం నుంచి నేను ఇచ్చిన కాగితాలన్నీ తప్పు, తెలిసే అలా రాశాను, అని. అప్పుడు సంతకం పెట్టాను.

నర్సమ్మ చదివి, కాగితం బల్ల మీద బోర్లా పెట్టింది. "ఈ ఆఖరి వాక్యం మీరు రాయకపోయినా నాకు తెలిసేది కాదు," అంది.

"తెలుసండీ."

"దీనికి మీ మీద కూడా చర్య ఉంటుంది."

"ఉండనివ్వండి."

బయట అక్క గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరికీ ఒకటే గొడుగు ఆ రోజు. సందు మలుపు దగ్గర అడిగింది.

"ఏం రాశావు?"

"జరిగింది రాశాను."

ఆవిడ గొడుగు నా చేతిలో పెట్టి, వానలోకి నడిచి ముందు వెళ్ళిపోయింది. ఇల్లు చేరేదాకా నేను వెనకే నడిచాను. గొడుగు ఉంది, పట్టడానికి మనిషి దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడే ఆరు వారాల ప్రణాళిక ఆపేశారు. నర్సమ్మ అక్కని వేరే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన ఈసారి అక్షరాలు కాదు, దారాలకి కట్టిన రెండు పూసలు చూపించి ఏది ముందుందో చెప్పమన్నాడట. పదిసార్లలో ఆరుసార్లు తప్పింది. దూరం తెలిసే ఆ చూపు మళ్ళీ రాకపోవచ్చు అన్నాడట. నాకు రెండు నెలలు క్రేన్ ఎక్కడానికి వీల్లేదన్నారు. మళ్ళీ కింద గొలుసుల పని. పైకి బయటినుంచి ఒక కొత్తాయన్ని తెచ్చారు. "ఇద్దరూ కొట్టుకుని మూడోవాడికి కట్టబెట్టారు," అని క్యాంటీన్‌లో నా వెనకే అన్నారు. వినపడాలనే అన్నారు.

ఇల్లు మరీ కష్టమైంది. అక్క నాతో మాట మానేసింది. బావగారు వరండాలో కనిపిస్తే పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఇరవై ఏళ్ళుగా కలిసి టీ తాగిన అన్నదమ్ములు వేరువేరు వేళల్లో తాగడం మొదలుపెట్టారు. అక్కకి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్న నాకు, "పెద్దకోడలు గ్యాస్ అయిపోయిందంటోంది," అని అత్తయ్య చెప్పేది. "రేపు వస్తుందని చెప్పండి," అంటే, తల అటు తిప్పి, "రేపొస్తుందట," అనేది. ఒకరోజు విసిగి, పీట మీద కూలబడింది.

"నాకూ ఆ ఫ్యాక్టరీలో ఏదైనా పని చూడండే. అక్కడ రోజుకి ఒక్క షిఫ్టు చేస్తే చాలట."

అక్క నవ్వలేదు. రేడియో మీద గుడ్డ కప్పేసి ఉంది. ఆవిడ గదిలోంచి భోజనానికి మాత్రం వచ్చేది. మంచం మీద పడుకున్న నాలుగు నెలల్లోనూ ఆవిడ మొహం అలా చూడలేదు నేను. అప్పుడు లేవాలన్న పట్టుదల ఉండేది. ఇప్పుడు లేచి ఎక్కడికి వెళ్ళాలి?

పది రోజుల తరవాత నర్సమ్మ తనే ఇంటికి వచ్చింది. అక్క గదిలోంచి రానంది. నర్సమ్మ సరేనని కుర్చీ తీసుకెళ్ళి ఆ గది గుమ్మంలో వేసుకుని కూర్చుంది. నేను వంటింట్లో ఉన్నాను. అన్నీ వినిపిస్తున్నాయి.

"క్రేన్ మీద కూర్చోలేరు. అది నా చేతిలో లేదు, ఆశ పెట్టడం తప్పు. కింద పని చెయ్యగలరు. సైగలు ఇచ్చే పని."

"ఇరవై రెండేళ్ళు పైన కూర్చున్నదాన్ని కింద నిలబెడతారా?"

"నిలబెడతాను. పైన కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో తెలిసిన మనిషి కింద ఒక్కరూ లేరు. ఆ కొత్తాయన రోజుకి రెండు వరలు పగలగొడుతున్నాడు."

"నా కన్ను పనికిరాదన్నారుగా?"

"పైనుంచి దించడానికి పనికిరాదు. కిందైతే వర దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. చేత్తో తాకొచ్చు. జానతో కొలవొచ్చు. దూరం నుంచి అంచనా వెయ్యకూడదు, అంతే. ఎప్పుడూ వెయ్యకూడదు. అది మీరు ఒప్పుకుంటేనే."

నేను చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

"ఎన్ని వారాలు?" అంది అక్క.

"మళ్ళీ ఆరే. రెండు గంటలతో మొదలు."

"కాగితం ఎవరు నింపుతారు?"

"ఈసారి కూడా మిమ్మల్నే అడుగుతున్నాను."

"ముసలాయన నింపనీ," అంది అక్క. "ఆయనకి ఇష్టమైతే."

తాతకి అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. 'అవును', 'కాదు' రాయడానికి చాలు. మొదటి రోజు అక్క ఆయన ముందు నిలబడి ఏదో చెప్పడం దూరం నుంచి చూశాను. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆయన వింటూ వింటూ కుడిచేత్తో ఆవిడ హెల్మెట్ మీద రెండుసార్లు తట్టాడు. తరవాత ఇద్దరూ పనిలోకి నడిచారు.

ఆ పని ఆవిడకి సులువుగా రాలేదు. పైనుంచి వేలితో శాసించిన మనిషికి కింద ప్రతి వర దగ్గరికీ నడవడమంటే నామోషీ. రెండో రోజు దూరం నుంచే చెయ్యి ఊపింది. తాత నోరెత్తలేదు. సాయంత్రం కాగితం మీద ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ 'అవును' అని రాశాడు. ఆవిడ ఎదురుగానే రాశాడు. మూడో రోజు నుంచి నడిచింది.

రోడ్డు బాగుపడి లారీలు మళ్ళీ మొదలైన వారం. వానలు వెనకబట్టాయి. మధ్యాహ్నం అచ్చుల చాటున కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచాను. అక్క వచ్చి పక్కన కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం. కాసేపు తిన్నాం. తన డబ్బాలోకే చూస్తూ అంది.

"నిన్నే ఎందుకు అడిగానో తెలుసా? నువ్వు నోరు మూసుకుంటావని."

"తెలుసు."

"తెలిసీ మూసుకున్నావు."

"మూసుకున్నాను."

"మొదటి పెచ్చు ఊడిన రోజే మొహం మీద చెప్పి ఉంటే, తిట్టేదాన్ని. నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని. అంతటితో పోయేది. ఆ ముసలాయన చెయ్యి దాకా వచ్చేది కాదు."

చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేశాను. "నువ్వు వినేదానివా?" అన్నాను.

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "వినేదాన్ని కాదేమో," అంది చివరికి. "నా తప్పు నాకుంది. లేదనను. నీది నీకుంది."

"ఉంది."

"సీటు కావాలనిపించిందా?"

ఆ ప్రశ్న అన్నాళ్ళుగా ఇంట్లో అందరి నోళ్ళలోనూ ఉంది. అడిగింది ఆవిడొక్కతే.

"అనిపించింది," అన్నాను. "ఇప్పటికీ అనిపిస్తోంది."

ఆవిడ తల ఊపింది. డబ్బా మూసి, మూత బిగించి లేచింది. "అనిపించకపోతే ఆ పని రాదు," అని చీర దులుపుకుని వెళ్ళిపోయింది. అది క్షమించడమా, దెప్పడమా అని ఆ రోజంతా ఆలోచించాను.

ఇంట్లో సంగతులు ఒక్కసారిగా బాగుపడలేదు. మాట మొదలైంది గాని, మునుపటి నవ్వు రావడానికి చాలాకాలం పట్టింది. బావగారు పేపరు కొంచెం కిందికి దించారు. అత్తయ్యకి పని తగ్గింది.

నా రెండు నెలలూ పూర్తయ్యాక కొత్తాయన్ని రెండో షిఫ్టుకి మార్చారు, నర్సమ్మ నన్ను మళ్ళీ పైకి పంపింది. ఆ రోజు ఎండ వచ్చింది. కేబిన్ కిటికీలోంచి చూస్తే షెడ్డంతా కడిగినట్టు ఉంది. కింద అచ్చు పక్కన అక్క నిలబడి ఉంది, నాకేసి తల ఎత్తి.

మొదటి వర. గొలుసులు బిగిశాయి. మీట మీద చెయ్యి వేశాను. అక్క చెయ్యి అడ్డంగా పెట్టి ఆగమంది. నాకు పైనుంచి అన్నీ సరిగ్గానే కనిపించాయి. ఆవిడ వర చుట్టూ నడిచింది. అవతలి పక్క గొలుసు ఒకటి మెలిపడి ఉన్నట్టుంది, వంగి, రెండు చేతులతో దాన్ని తిప్పి సరిచేసింది. మళ్ళీ ఒకసారి నాలుగు గొలుసులూ వరసగా తాకి చూసుకుంది. వెనక్కి మూడడుగులు వేసి, తాతని కూడా వెనక్కి జరగమని, అప్పుడు చెయ్యి పైకెత్తింది.

నేను లేపాను.